కుడిచేతి రొట్టె

రాజోలి,
ఫిబ్రవరి మొదటి ఆదివారం.

ప్రియమైన నా బిడ్డ ప్రేమలతకు,

ప్రభువు కృపలో నీ నాయిన చెప్పే వందనాలు.

ఫోన్‌లో ముచ్చట్లు వద్దు, ఉత్తరం రాయాలి, రాస్తేనే జవాబు ఇస్తానని ఆజ్ఞ జారీ చేసి నన్ను నాగర్‌కర్నూలులో బస్సు ఎక్కించావు. సీనాయి కొండ మీద మోషేకు వచ్చిన ఆజ్ఞల్లో ఇది లేదు. అయినా బలి అర్పించడం కంటే మాట వినడమే మేలని బోధించే నోరు కనుక, విని రాస్తున్నాను.

ఇక్కడ సంఘం నన్ను రాజులా చూసుకుంటున్నది. క్రిస్మస్ ముందటి వారం వాక్యం చెబుతుండగా కుడిచెయ్యి పడిపోయి, బైబిలు జారి నేల మీద పడిన నాటి నుంచి వీళ్ళ కళ్ళల్లో నీళ్ళు ఆగడం లేదు. మీ అమ్మ మిరపచేనుకు కూలికి పోగానే వంతుల ప్రకారం ఒక్కో ఇంటి నుంచి ఒక్కో సహోదరి వస్తుంది. అన్నం కలిపి నోట్లో పెడుతుంది. ఎవరో ఒకరు చొక్కా తొడుగుతారు, మూతి తుడుస్తారు. దైవజనుడికి సేవ చేయడం దీవెన అంటారు. యుద్ధంలో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలబడి పట్టుకోలేదా? నేనెట్లా వద్దంటాను?

నీ దగ్గర దవాఖానలో ఉన్నన్ని రోజులు నీ పని చూశాను బిడ్డా. సూది వేయవు, మాత్ర ఇవ్వవు. గుండీ పెట్టుకో అంటావు, గ్లాసు పట్టుకో అంటావు, శనగలు ఒక్కొక్కటే ఏరమంటావు. నా బిడ్డ డాక్టరని రాజోలి బస్టాండు నుంచి గద్వాల స్టేషను దాకా చెప్పుకొని తిరిగినవాణ్ణి. గుండీలు పెట్టించే డాక్టరని ఎట్లా చెప్పేది?

అసలు మాట ఇది. ఈస్టరు నాడు ప్రభు బల్ల, సంఘానికి రొట్టె విరిచి పంచాలి. ఈ మందిరం గోడలకు మట్టి తొక్కిన నాటి నుంచి ఆ రోజు రొట్టె విరిచింది నా కుడిచెయ్యి. ఎడమచేత ఇస్తే ఎవరు తీసుకుంటారు, నేనైనా ఎట్లా ఇస్తాను? మొన్న సంఘపెద్ద పెంటయ్య పదిమందితో వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. “అయ్యగారూ, మీరు కుర్చీల కూసోండ్రి. రొట్టె ఇరువనీకి గద్వాల నుంచి ఒక పాస్టరు తమ్ముణ్ణి పిలుస్త,” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ముల్లు మంచి మనసుతో గుచ్చుకున్నా ముల్లే. అప్పుడే అందరి ముందు ప్రభువుకు మాట ఇచ్చాను: ఈస్టరు నాడు ఈ చేతితోనే రొట్టె విరుస్తాను, లేదంటే ఇక వాక్యం చెప్పను.

అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో చూశావా? ఎడమచేతివి. నెల తిరగకముందే నేర్చుకున్నాను. మెచ్చుకో.

నీ నాయిన
ఇమ్మానుయేల్


నాగర్‌కర్నూలు,
ఫిబ్రవరి రెండో వారం.

ప్రియమైన నాయినకు,

నీ ఉత్తరం ఇందులోనే మడిచి తిప్పి పంపుతున్నాను. అక్షరాలు బాగున్నాయి. చెయ్యి తప్పు.

ఉత్తరాలు రాయమన్నది ముచ్చట్ల కోసం కాదు, ఆ కుడిచేతి కోసం. నీ ఎడమచెయ్యి మంచిది, కష్టజీవి. అదే ఇప్పుడు నీ శత్రువు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనియ్యవద్దని నువ్వే కదా బోధించేది? నీ ఎడమచెయ్యి అన్నీ తెలుసుకొని ఇంటి పెత్తనమంతా చేస్తున్నది. అది చేస్తున్నంత కాలం కుడిచెయ్యి లేవదు.

దెబ్బ తగిలింది చేతికి కాదు నాయినా, మెదడుకు. అక్కడి నుంచి చేతికి పోయే రోడ్డు తెగింది. ఊరికి రోడ్డు తెగితే ఏమవుతుంది? పక్క చేలలోంచి కాలిబాట పడుతుంది. అది కూడా మనుషులు రోజూ నడిస్తేనే. నీ ఇంటికి వచ్చే సహోదరీలు ఆ బాటలో ఒక్కరోజు కూడా నిన్ను నడవనివ్వడం లేదు. వాళ్ళది ప్రేమే. ఆ ప్రేమతోనే నీ చెయ్యి ఎండిపోతుంది.

మోషే సంగతి ఎత్తావు కనుక చెబుతున్నా. అహరోను, హూరు ఆయన చేతులు పట్టి నిలబెట్టారు, అంతే. ఆయన చేతిలోని కర్ర వాళ్ళు లాక్కోలేదు. ఇంకొకటి. సమాజమందిరంలో ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి, గల మనిషి ఉన్నాడు కదా, ప్రభువు ఆ చేతిని పట్టి లాగాడా? నీ చెయ్యి చాపమని వాడికే చెప్పాడు. చాపింది వాడు. నేను చేసే పని అదే నాయినా. గుండీ అన్నా, గ్లాసు అన్నా, ఆ మాటకు అర్థం చెయ్యి చాపమనే.

ఇక్కడికి పాన్‌గల్ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. తన పంచె తాను కట్టుకున్న రోజు వరండా అంతా తిరిగి, స్వీపరమ్మను కూడా పిలిచి చూపించుకున్నాడు. ఆ ముఖం నువ్వు చూసి ఉంటే గుండీల డాక్టరని వెక్కిరించేవాడివి కాదు.

ఇవి చెయ్. పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేసుకో, కుడిచేతితో రాయి. అన్నం నువ్వే తిను, సగం కింద పడినా సరే. కూర్చొని ఉన్నప్పుడు కొంతసేపు ఎడమచేతిని తువ్వాలుతో నడుముకు కట్టించుకో. లేచి నడిచేటప్పుడు మాత్రం విప్పాలి. చివరిది నీకు అసలు నచ్చదు: జొన్నరొట్టె తట్టాలి. అరచెయ్యి తెరుచుకోవడానికి, వేళ్ళు చాపడానికి అంతకంటే మంచి సామాను నా గదిలో లేదు. ఆడవాళ్ళ పని అంటావేమో. సముద్రం ఒడ్డున నిప్పులు వేసి, రొట్టె చేప సిద్ధం చేసి, రండి తినండని శిష్యులను పిలిచింది ఎవరు? పెనం దగ్గరికి మాత్రం ఒక్కడివే పోవద్దు, నీ చేతికి వేడి సరిగ్గా తెలియదు.

ఈస్టరు నాటికి చెయ్యి ఎంత వస్తుందో నేను మాట ఇవ్వలేను. పూర్తిగా రాకపోవచ్చు కూడా. యెఫ్తాలాగా ముందూ వెనకా చూడకుండా ప్రభువుకు మాట ఇచ్చింది నువ్వు. నేను పని మాత్రమే ఇవ్వగలను.

నీ మొండితనమే వచ్చిన
ప్రేమలత


రాజోలి,
మార్చి మొదలు.

బిడ్డా,

ఇది కుడిచెయ్యి.

చూడు ఎంత పెద్ద అక్షరాలో. పౌలు కూడా ఒకచోట నా చేతితో ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నానో చూడండని గొప్ప చెప్పుకున్నాడు. ఆయనకు తగునైతే నాకూ తగును. ఇది ఒక్క కూర్చోవడంలో రాసింది కాదు. చెయ్యి అలిగినప్పుడల్లా ఆపి, బతిమిలాడి, మళ్ళీ మొదలుపెట్టాను.

మీ అమ్మ నీ మాట ప్రకారం నా ఎడమచేతిని కట్టింది. అన్నం తెచ్చిన సహోదరి చూసి వీధిలోకి పరుగెత్తింది. అయ్యగారిని బాలమ్మ కట్టేసిందని సగం ఊరు కదిలింది. పెంటయ్య తలుపులో నిలబడి, “దయ్యం పట్టినోళ్ళను కడ్తరు గని, దయ్యాలు ఎల్లగొట్టెటాయన్ను కట్టుడేంది వదినా?” అన్నాడు. మీ అమ్మ కొంగు బిగించి, “నా మొగడు, నా తువ్వాల. మీకేంది?” అన్నది. ఆ రోజుతో వంతులు ఆగిపోయాయి. అన్నం నేనే తింటున్నాను. ఇంట్లో కోళ్ళు బాగా బలిసినవి.

రొట్టె తట్టాను. ముక్కలైంది. మేకకు వేస్తే అది కూడా ఆలోచించి తిన్నది. మీ అమ్మ నవ్వి నవ్వి కూర్చున్నది.

చెయ్యి అలిసింది.

నాయిన


నాగర్‌కర్నూలు,
ఏప్రిల్ మొదటి వారం.

ప్రియమైన నాయినకు,

నీ పెద్ద అక్షరాల ఉత్తరాన్ని నా గది గోడకు అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను, మా నాయిన చెయ్యి అని. ఆ తర్వాత నీ నుంచి ఒక్క ముక్క లేదు. నేను రాసిన కార్డుకూ జవాబు లేదు.

అమ్మకు ఫోన్ చేస్తే, మధ్యాహ్నం కాగానే తువ్వాలు భుజాన వేసుకొని కర్ర పట్టుకొని ఎటో పోతున్నావని, పొద్దు గూకేవేళకు వస్తున్నావని చెప్పింది. ఎక్కడికని అడిగితే నవ్వి ఫోన్ పెట్టేసింది. నిన్న పెంటన్న ఫోన్ చేశాడు. స్వస్థత కూటాలకు పోతున్నావని ఊళ్ళో అనుకుంటున్నారట. గద్వాల తమ్ముడికి ఈస్టరు కోసం కబురు కూడా పెట్టాడట.

ప్రార్థన వద్దని నేను అనను. నీ ప్రార్థనల మధ్యనే పెరిగినదాన్ని. కానీ ఎవరో తల మీద నూనె పోస్తే చెయ్యి లేస్తుందని పని ఆపేశావా? ఆపితే పడిన బాట కూడా మూసుకుపోతుంది. వేళ్ళు ముడుచుకుంటే తెరవడం కష్టం. ఇప్పటికే ముడుచుకున్న చేతులు ఎన్నో నా దగ్గరికి ఆలస్యంగా వస్తున్నాయి. వాటిలో నా నాయిన చెయ్యి ఉండొద్దు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. డాక్టరు అని చెప్పుకున్న బిడ్డ రొట్టెలు తట్టమనడం నీకు నామోషీ అయిందా? సంఘం నవ్విందనా? అట్లయితే చెప్పు. ఆక్యుపేషనల్ థెరపీ అనే ఈ పని నేను అడిగి మరీ ఎంచుకున్నాను. సిగ్గుపడే పని నేను చేయడం లేదు.

ఈస్టరు ఆదివారం నేను రాలేను. పాన్‌గల్‌లో క్యాంపు పెట్టారు, ఊళ్ళ నుంచి మనుషులను బండ్ల మీద తీసుకొస్తారు. ఆ రోజు ఏమైనా, నిజం రాయి. నీ చేత్తో రాయి.

ఎదురుచూసే
ప్రేమలత


రాజోలి,
ఈస్టరు మరునాడు.

నా ప్రియమైన బిడ్డా, నాగర్‌కర్నూలులో నేను విత్తకుండానే కోసుకుంటున్న పంటా,

ప్రభువు లేచాడు. నిజముగా లేచాడు. ఇక నా చేతి సంగతి విను.

స్వస్థత కూటాలకు పోలేదు. మన వీధి చివర పెద్ద వాకిలి ఉన్న జంగమ్మక్క ఇంటికి పోయాను. మీ అమ్మకు తెలుసు. తెలిసే నవ్వింది.

మీ అమ్మ పగలంతా చేనులో ఉంటే నాకు రొట్టె ఎవరు నేర్పుతారు? ఈ వీధిలో జంగమ్మక్క రొట్టెలంటే పేరు. కానీ రెండేళ్ళ కింద ఆమెకు ఎడమ పక్క పడిపోయింది. ఆ చెయ్యి పిడికిలి బిగిసి రొమ్ముకు అంటుకొని ఉంటుంది. గాలి సోకిందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. ఆమె గడప దాటడం మానేసింది. కోడళ్ళు మంచివాళ్ళు, అదే ఆమెకు వచ్చిన కష్టం. గ్లాసు కూడా ఎత్తనివ్వరు. నువ్వు రాసిన ప్రేమే అది, ఎండబెట్టే ప్రేమ. ఆ ఉత్తరం చదవకపోతే నా కళ్ళకు అది కనబడేది కాదు.

పిండి మూట పట్టుకొని వాకిట్లో నిలబడితే ఆమె మంచం మీద నుంచే అన్నది: “ఏం ఇమ్మానుయేలూ, నీ దేవుడు గూడ నిన్ను ఇడిసిపెట్టిండా?”

“ఇడిసిపెట్టలేదక్కా. రొట్టె నేర్చుకొమ్మన్నడు. నువ్వే నేర్పాలె.”

“నాకే ఒక్క చెయ్యి. నేనేం నేర్పుత?”

“నాకూ ఒక్కటే. రెండు కలుపుదం.”

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, ఆదివారం వాక్యం చదివినట్టే నిలబడి చదివాను. ఊచచెయ్యి కాడికి రాగానే ఆపమన్నది. మళ్ళీ చదవమన్నది. “నీ బిడ్డ నోరు నీ నోరే,” అన్నది. తర్వాత కోడల్ని పిలిచి, తన మంచి చేతిని కొంగుతో కట్టమన్నది.

నువ్వు నవ్వుతావు బిడ్డా. ఇద్దరు ముసలివాళ్ళం, ఒకరి ఎడమ కట్టి, ఒకరి కుడి కట్టి, మధ్యలో ఒక పీట, ఒక పిండి ముద్ద. పిండి తట్టాల్సింది నా పడిపోయిన కుడి, తిప్పాల్సింది ఆమె పడిపోయిన ఎడమ. ఆమె పిడికిలి మొదట్లో రాయిలా ముద్ద మీద కూర్చునేది, అంతే. నా వేళ్ళు పిండికి అంటుకొని లేచేవి కాదు. “అది రొట్టె కాదు, ఆవు అడుగు,” అని తిట్టేది. “అరచెయ్యితోని తట్టయ్యా, దయ్యాన్ని కొట్టినట్టు కాదు.” పెనం మీద వేసేది, కాల్చేది మాత్రం పెద్దకోడలే. నీ మాట తప్పలేదు.

ఆ వాకిలి నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో మా అమ్మ వెంట ఆ ఇంటి చేనుకు కూలికి పోయేవాణ్ణి. దూప అయితే జంగమ్మక్క అత్త చెంబు ఎత్తిపట్టి మా దోసిట్లో నీళ్ళు పోసేది. చెంబు మా చేతికి తగలొద్దు. అదే వాకిట్లో ఇప్పుడు ఒకే ముద్ద మీద మా ఇద్దరి చేతులు. మొదటి రోజు పెద్దకోడలు గడప మీద నిలబడి చూసింది. మరునాడు నేను పోయేసరికి పీట కడిగి వేసి ఉంది.

నీకు ఉత్తరం ఎందుకు రాయలేదంటే, చేతిలో ఉన్న బలమంతా ఆ రొట్టెకే సరిపోయేది. సంగతి ఎందుకు చెప్పలేదంటే, ఈస్టరు నాడు విరిగేది రొట్టెనో నేనో నాకే తెలియదు.

నిన్న మందిరం నిండింది. గద్వాల తమ్ముడు తెల్లచొక్కా వేసుకొని ముందు వరుసలో కూర్చున్నాడు. వినయం గల పిల్లవాడు. నాకు మాట ఇంకా కొంచెం ముద్దగా వస్తుంది, అయినా వాక్యం చెప్పాను. తెల్లగుడ్డ తీసేసరికి పళ్ళెంలో గోధుమరొట్టె లేదు. జొన్నరొట్టె ఉంది. అంచులు పగిలి, తుంగభద్ర ఒడ్డులా వంకరటింకరగా ఉంది. అది ఎవరి చేతిదని పెంటయ్య లేచి అడిగాడు. నాదీ జంగమ్మదీ అన్నాను. గుసగుస లేచింది. బాప్తిస్మం లేని చెయ్యి తగిలిన రొట్టె ప్రభు బల్ల మీదనా?

అప్పుడు నా నోరు పాత నోరయింది బిడ్డా. కరువులో ఏలీయాకు రొట్టె చేసి పెట్టిన సారెపతు విధవ ఏ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నదో చెప్పమన్నాను. రాహాబు ఎవరు, రూతు ఎవరు, ఇద్దరూ పరాయి జాతివాళ్ళు కారా అని అడిగాను. నా చెయ్యి పడిపోతే మీరు నాకు అన్నం పెట్టారు, అది మీ ప్రేమ; ఆమె నాకు పని పెట్టింది, అది నా ప్రాణం అన్నాను. పెంటయ్య కూర్చున్నాడు.

ఎడమచేత పళ్ళెం పట్టుకొని కుడిచేత రొట్టె విరిచాను. విరిగింది. ఆ శబ్దం నా చెవుల్లో ఇంకా ఉంది. కానీ చేతిలో నిలవలేదు. ముక్క జారి బల్ల మీద పడింది.

క్రిస్మస్ ముందు బైబిలు పడిన చోటే నేను నిలబడి ఉన్నాను. అందరికీ అదే గుర్తొచ్చింది. గద్వాల తమ్ముడు సగం లేచాడు, పెంటయ్య చెయ్యి చాపుతూ ముందుకు వచ్చాడు. మీ అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నా బల్లకు అడ్డంగా నిలబడింది. గట్టిగా కూడా అనలేదు.

“కూసో పెంటన్నా. ఆయన పని ఆయన చేసుకుంటడు.”

పసిపిల్ల ఏడిస్తే తల్లి రొమ్ముకు అదుముకుంది. శనగలు ఏరమన్నావే, బొటనవేలు చూపుడువేలు కలపమన్నావే, అదంతా ఆ ముక్క కోసమేనని అప్పుడు తెలిసింది. వేళ్ళు ఒకసారి జారినవి. మళ్ళీ ముక్క దగ్గరికి పోయినవి. ముక్క లేచింది. దాన్ని పైకెత్తాను. అందరికీ నేనే ఇచ్చాను, ఒక్కొక్కరికి, ఈ చేత్తోనే. చాలాసేపు పట్టింది. ఒక్కరూ లేచి పోలేదు. గద్వాల తమ్ముడు తీసుకునేటప్పుడు తల దించి ఏడ్చాడు.

బయటికి వస్తే మందిరం అరుగు మీద జంగమ్మక్క. రెండేళ్ళలో మొదటిసారి గడప దాటి, కోడలి భుజం పట్టుకొని వచ్చి కూర్చున్నది. ఆమె లోపలికి రాలేదు, నేనూ పిలవలేదు. ఆమె దేవుడు ఆమెకు ఉన్నాడు. తన రొట్టె ఏమైందో చూసుకోవడానికి వచ్చింది.

“ఇరిగిందా?” అన్నది.

“ఇరిగిందక్కా.”

“నీ చేత్తోనేనా?”

“నా చేత్తోనే.”

పొద్దున కాల్చిన వాటిలో మిగిలిన రొట్టె ఒకటి కోడలి దగ్గర గుడ్డలో ఉంటే తీసుకొని, విరిచి, సగం ఆమెకు చాపాను. ఆమె కుడిచెయ్యి ముందుకు వచ్చింది. ఆగింది. దాన్ని వెనక్కి తీసుకొని కొంగు కింద పెట్టుకున్నది. రొమ్ముకు అంటుకున్న ఎడమచెయ్యి మెల్లగా దిగింది, నా ముందు తెరుచుకున్నది. పూర్తిగా కాదు. రొట్టె ముక్క పట్టేంత. తీసుకొని, అందరూ చూస్తుండగా నమిలింది. “ఉప్పు తక్కువైంది,” అన్నది.

ఆ ఇంటి చెంబు నా చేతికి తగలని కాలం నేను చూశాను. ఆ ఇంటి పెద్దమ్మ నా చేతి రొట్టెకు చెయ్యి చాపిన కాలమూ చూశాను. సిమెయోను ముసలివాడు పసిబాలుడైన ప్రభువును ఎత్తుకొని, చూడాల్సింది చూశాను, ఇక నన్ను పోనిమ్మని అన్నాడు. నేను అట్లా అనను. నాకు ఇంకా పని ఉంది.

పోతూ పోతూ పెంటయ్య అన్నాడు: “బిడ్డ డాక్టరమ్మ మంచి మందే ఇచ్చినట్టుంది అయ్యగారూ.”

అందరూ ఆగి విన్నారు. మెట్ల మీద నిలబడి చెప్పాను. “నా బిడ్డ డాక్టరు గాదు పెంటయ్యా. డాక్టర్లు ప్రాణం నిలబెడ్తరు. నిలబడ్డ ప్రాణానికి పని అప్పజెప్పేది నా బిడ్డ. చెయ్యి చాపుమని చెప్పేది నా బిడ్డ.” నీ కొలువుకు ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా చెప్పబోయాను, నాలుక తిరగలేదు. అది కూడా సాధన చేస్తాను. బస్టాండులో చెప్పాలి, గద్వాల స్టేషనులో చెప్పాలి.

పాన్‌గల్ క్యాంపు అయినాక రాజోలికి ఒకటి పెట్టించు. గడప దాటని చేతులు ఈ వీధుల్లో ఎన్ని ఉన్నాయో నిన్న సాయంత్రం నుంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పీట మేము వేస్తాము. ఉప్పు సరిగ్గా వేస్తాము.

తన కుడిచేత రాసి సంతకం పెట్టిన
నీ నాయిన
ఇమ్మానుయేల్

ఎడమచెయ్యి కాగితం కదలకుండా పట్టుకున్నది, అంతే.